విరిగిన బ్లేడ్ల వెంట పల్నాడుకి

పల్నాడు వెళ్ళొచ్చానంటే మా తణుకులో అందరూ అడిగింది ఒకటే. సాగర్ చూశారా, ఎత్తిపోతల చూశారా అని. రెండూ చూడలేదు. నాలుగు రోజులు తిరిగి నేను చూసినవి విరిగిన ఇనుప ముక్కలు, ఒక కొలిమి, ఒక మిరప రైతు ట్రాక్టరు షెడ్డు. అయినా ఇంత ఇష్టంగా గుర్తుపెట్టుకున్న ప్రయాణం నాకు ఇంకోటి లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే ఆ ఎండలో ఎందుకు వెళ్ళానో అర్థం కాదు. ట్రాక్టరు వెనక తిరుగుతూ మట్టిని పొడి చేసే రోటావేటరు ఉంటుంది కదా, దానికి బిగించే వంకర బ్లేడ్లు చేసే ఫ్యాక్టరీ మాది. అందులో ఉక్కును కాల్చి గట్టిపరిచే విభాగం నా చేతిలో ఉంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కాని పెళుసుబారుతుంది. ఆ పెళుసు పోవడానికి రెండో ఫర్నేసులో తక్కువ వేడి మీద మళ్ళీ కాస్తాం. ఆ రెండో కాపు మా దగ్గర రెండు గంటలు. ఎందుకు రెండు గంటలు అని అడిగితే మా పాత సూపర్‌వైజరు, "ముందు నుంచీ అంతేనమ్మా" అన్నారు. నాకు ఆ జవాబు వింటే ఒళ్ళు మండుతుంది.

వేడి కొలిచే తీగలు పెట్టి చూశాను. బ్లేడ్లకి కావలసిన వేడి గంటలోపే అందుతోంది. రెండో గంటంతా ఊరికే గ్యాసు తగలేసి, పొగ గొట్టంలోంచి పైకి పంపుతున్నాం. విదేశాలకు పంపడానికి మా బ్లేడ్లు కొనే కంపెనీ ఒకటి, ఒక్కో బ్లేడు వెనక ఎంత కర్బనం గాల్లోకి వెళ్తోందో చెప్పమని అప్పటికే అడుగుతోంది. పోట్లాడి ఆ రెండో గంట తీసేయించాను. గ్యాసు తగ్గింది. ఇంకో మూడు ఫర్నేసుల్లో కూడా ఇలాగే చేద్దామని కాగితాలు తయారుచేశాను. అంతలో పల్నాడు నుంచి బ్లేడ్లు విరుగుతున్నాయని ఫోన్లు మొదలయ్యాయి. మిగతా ఏ జిల్లా నుంచీ రాలేదు, ఒక్క పల్నాడు నుంచే.

మా మేనేజరు మంచివాడే. "రెండో గంట మళ్ళీ పెట్టేద్దాం సుభద్ర గారూ, మిగతా ఫర్నేసుల సంగతి మర్చిపోదాం" అన్నాడు. నాలుగు రోజులు ఆగమని అడిగి బస్సెక్కాను. గ్యాసు గురించి దిగులు ఉంది, నిజమే. కాని అంతకంటే పెద్ద దిగులు, నేను తప్పని తేలుతుందేమోనని.

నరసరావుపేట: కాలిన పసుపు రంగు

నరసరావుపేటలో దిగేసరికి తొమ్మిదైంది, ఎండ మాత్రం పన్నెండు గంటలదిలా ఉంది. హోటల్లో ఇడ్లీ నలభై రూపాయలు. మా గోదావరి వైపు సాంబారులో బెల్లం ముక్క వేసి ఎదుటివాణ్ణి బుజ్జగిస్తాం. ఇక్కడ ఇడ్లీ పక్కన పెట్టిన ఎర్ర కారం నన్ను పేరు కూడా అడక్కుండా నా పని పట్టింది. మూడు గ్లాసుల నీళ్ళు తాగాను. వడ్డించే ఆయన చూసి, "కొత్తా అమ్మా?" అని అడిగి, అడక్కుండానే గిన్నెడు పెరుగు తెచ్చి పెట్టాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

మా బ్లేడ్లు అమ్మే శేషయ్య గారి కొట్టు మార్కెట్టు రోడ్డులో ఉంది. ట్రాక్టరు సామాన్ల వ్యాపారం వాళ్ళ నాన్నగారి కాలం నుంచి ఉందట. నేను ఫలానా అని చెప్పగానే కుర్చీ చూపించి, గోలీసోడా తెప్పించి, తర్వాత తిట్టడం మొదలుపెట్టారు. వరస నాకు నచ్చింది.

"చానా మంది వచ్చి నా మీద పడతన్నారమ్మా. నేనేం చెప్పాల? ఇనుము నేను చేశానా? అదిగో, చూసుకోండి" అని మూలనున్న గోనె సంచి చూపించారు.

సంచి నేల మీద గుమ్మరించాను. పదిహేను దాకా ఉన్నాయి. మా బ్లేడ్లకి పసుపు రంగు వేస్తాం. అన్నీ ఒకే చోట, వంపు దగ్గర విరిగాయి. ఆ వంపు చుట్టూ రంగు మాడి నల్లగా పొలుసులు లేచి ఉంది. మట్టి రాపిడికి రంగు గీసుకుపోతుంది గాని మాడదు.

"ఇది మంటలో పెట్టిన గుర్తు కదండీ" అన్నాను.

శేషయ్య గారు నన్ను జాలిగా చూశారు. "పెట్టకుండా ఎట్టా బిగిస్తారమ్మా? కొత్త బ్లేడు కొన్నాక ఆచారి కాడికి పోయి నీళ్ళు పట్టిచ్చుకోవాల గదా."

ఆ మాట అర్థం కావడానికి ఇంకో సోడా పట్టింది. కొత్త ఇనుప పనిముట్టు ఏదైనా సరే, కొడవలైనా గొడ్డలైనా, నేరుగా పొలంలోకి దించరు. కొలిమికి తీసుకెళ్ళి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిపరచమంటారు. నీళ్ళు పట్టించడమంటే అది. రోటావేటరు వచ్చాక ఆ మర్యాద దానికీ దక్కింది. ఒక ఏడాది ఎవరో మెత్తటి బ్లేడ్లు అంటగట్టి పోయారట. అవన్నీ రెండు రోజుల్లో వంగిపోతే కొలిమి నడిపే ఆచార్లే కాల్చి నీళ్ళు పట్టించి సీజను గట్టెక్కించారట. అప్పటి నుంచి కొత్త డబ్బా విప్పగానే కొలిమికే.

మేము ఒకసారి కాల్చి గట్టిపరిచి, రెండోసారి కాచి పెళుసు తీసి పంపిన ఉక్కు అది. వీళ్ళు మూడోసారి కాల్చి ఆ పెళుసును మళ్ళీ తెచ్చి పెడుతున్నారు. పైగా నూనెలో ముంచాల్సిన రకాన్ని నీళ్ళలో ముంచుతున్నారు. సంతోషంతో నాకు అక్కడే లేచి నాట్యం చేయాలనిపించింది. నేను తీయించిన గంట నిర్దోషి. కాని అన్ని బ్లేడ్లూ కొలిమికి వెళ్తుంటే, వెళ్ళనివి ఎలా ఉంటాయో ఎవరికి తెలుసు? పోల్చడానికి ఒక్కటైనా కావాలి.

శేషయ్య గారు ఆలోచించి, "గురజాల పొండి. నాగేంద్రమ్మ గారని ఉంది. నన్ను అందరికన్నా ఎక్కువ తిట్టింది ఆమే. ఆమె మిషనుకి సగమే నీళ్ళు పట్టిచ్చినట్టు గుర్తు" అన్నారు.

నకరికల్లు దాటాక, బస్సులో

రుజువు కోసం ఓ ఎనిమిది ముక్కలు నా సంచిలో వేసుకున్నాను. అది బట్టల సంచి, ఇనుముకి పుట్టింది కాదు. నకరికల్లు దాటాక బస్సు కుదుపుకి పిడి తెగి, ముక్కలన్నీ సీట్ల కిందకి దొర్లాయి. సిగ్గుతో చచ్చిపోయాను. కాని బస్సు బస్సంతా వంగి ఏరడం మొదలుపెట్టింది. ఏరిన ప్రతివాళ్ళూ ముక్కను వెంటనే ఇవ్వకుండా తిప్పి చూసి, తీర్పు చెప్పి మరీ ఇచ్చారు.

"నీళ్ళు ఎక్కువ పట్టినయ్" అన్నాడు ఒకాయన.

"కాదు బాబాయ్, తక్కువ పట్టినయ్" అన్నాడు వెనక సీటు.

"ఏంది తక్కువ? తక్కువైతే వంగిద్ది, ఇరగదు" అంది చిక్కుడుకాయల బుట్ట పెట్టుకున్న పెద్దావిడ. నా డిగ్రీ మొదటి ఏడాది చెప్పిన పాఠం అది.

మా వైపు బస్సులో పక్క సీటువాళ్ళని పలకరించాలంటే నాలుగు అండీలు ఖర్చవుతాయి. ఇక్కడ ఆ పెద్దావిడ, "ఏమే, నీకు మొగుడు లేడా, ఇనుము మోస్తన్నావు?" అని సూటిగా అడిగింది. ఉన్నాడని, ఇంట్లో వంట చేస్తున్నాడని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి తన గోనె పట్టా ఒకటి ఇచ్చి, ముక్కలన్నీ అందులో మూట కట్టింది. తిరిగి ఎలా ఇవ్వాలంటే చెయ్యి విసిరి పిడుగురాళ్ళలో దిగిపోయింది.

గురజాల: ఇరవై నాలుగు, పద్దెనిమిది

నాగేంద్రమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. పదహారు ఎకరాలు సొంతంగా చేయిస్తుంది, మిరప, పత్తి. నేను ఎవరో చెప్పగానే, "ఇప్పుడొచ్చారా" అంది. మొదటి వాన పడ్డాక మట్టి పదును మీద ఉండేది మూడు రోజులు. ఆ మూడు రోజుల్లోనే ఆమె మిషను బ్లేడ్లు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. పదును ఆరిపోయి నేల గట్టిపడింది. అద్దె ట్రాక్టరు దొరికేసరికి సగం పొలం గడ్డలు గడ్డలుగా మిగిలింది.

"పక్కోళ్ళంతా ఇత్తనం ఏసుకుంటన్నారు, నేను గడ్డలు కొట్టిస్తన్నా. ఇంకో సెట్టు కొనాల. మీదే కొననా, వేరేది కొననా? అది చెప్పి పొండి" అంది.

ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మిషను చూడాలన్నాను. అది వెల్డింగు షాపులో ఉంది, ఎల్లుండి వస్తుందట. లాడ్జి ఎక్కడ అంటే విననట్టు నటించి నా మూట లోపల పెట్టించింది. తిడుతున్న మనిషినే ఇంట్లో ఉంచుకోవడం వీళ్ళకి విరుద్ధంగా అనిపించదు. మధ్యాహ్నం జొన్న రొట్టె, పండుమిరప పచ్చడి, గట్టి పెరుగు. పచ్చడి దగ్గర నేను తటపటాయిస్తుంటే, "నెయ్యేసుకో తల్లా" అని గరిటెడు పోసింది. అప్పటికి నేను ఆమెకి మీరు నుంచి నువ్వులోకి వచ్చేశాను.

తింటూ అసలు సంగతి రాబట్టాను. మొత్తం నలభై రెండు బ్లేడ్లు. మాచర్ల ఆచారి ఇరవై నాలుగు కాల్చేసరికి కరెంటు పోయింది, కొలిమి ఊదే బ్లోయరు ఆగిపోయింది. వాన పడిపోయింది. మిగతా పద్దెనిమిది అలాగే బిగించేశారు.

"విరిగినవి?"

"తొమ్మిది. అన్నీ కాల్చినయ్యే. ఆ పద్దెనిమిదిట్లో ఒకటీ ఇరగలా. మరి అవి ఇంకా గట్టిగ ఉండాలంటే నీళ్ళు పట్టిచ్చేదాన్ని గదా, కరెంటు పోబట్టి" అంది.

కళ్ళ ముందు రుజువు పెట్టుకుని దాన్ని తలకిందులుగా చదువుతున్న మనిషితో ఎలా మాట్లాడాలో తెలియక రొట్టె తిన్నాను.

మాచర్ల: మంట ఎంత ఉండాలి

మర్నాడు మాచర్ల వెళ్ళాను. మల్లాచారి గారి కొలిమి ఊరి చివర, నాపరాళ్ళు పేర్చిన యార్డుల పక్కన ఉంది. యాభై ఐదేళ్ళ మనిషి, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. నేను బ్లేడ్ల ఫ్యాక్టరీ నుంచి అనగానే ముఖం బిగించారు. నేనేమీ అడక్కుండా పక్కనున్న దుంగ మీద కూచున్నాను.

అప్పుడు రాళ్ళు కొట్టే వాళ్ళ ఉలులు వచ్చాయి. ఉలికి పది రూపాయలు. కొలిమిలో సర్కారుతుమ్మ బొగ్గు. మొదట గమనించింది మంట సైజు. చుట్టూ బొగ్గు మీద నీళ్ళు చిలకరిస్తూ మంటను గుప్పెడంత చోటే ఉంచుతున్నారు. ఎందుకని అడిగాను.

"కాల్చాల్సింది ఉలి మొన. పొయ్యంతా మండితే ఏం లాభం, నా మొహం కాలటం తప్ప" అన్నారు.

మా ఫర్నేసులో సగం బ్లేడ్లున్నా నిండుగా ఉన్నా మండేది ఒకటే మంట. అది ఆయనకి చెప్పలేదు.

ఉలి మొన ఎర్రబడగానే చివర మాత్రమే నీళ్ళలో ముంచి తీశారు. ఇసుక మీద ఒక్క రాపిడి రాపారు, మొన తెల్లగా మెరిసింది. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా మొనవైపు పాకుతుంటే రంగు మారసాగింది. లేత గడ్డి రంగు, ముదురు పసుపు, వంగపండు రంగు. ఆ రంగు అంచుకి రాబోతుండగా మళ్ళీ ముంచి పక్కన పడేశారు. ఒక్క మంటతో గట్టిపరచడమూ అయింది, పెళుసు తీయడమూ అయింది. మేము రెండు ఫర్నేసులు వెలిగించి చేసే పని అది. నాకు చేతుల మీద రోమాలు లేచాయి, ఆ మాట ఆయనకి చెప్పాను కూడా. అప్పుడు ముఖం కాస్త సడలింది, టీ తెప్పించారు.

"ఎంతసేపు ఆగాలో ఎట్టా తెలుస్తుందండీ?"

"నేను టైము చూడనమ్మా. ఇనుమును చూస్తా."

"మరి బ్లేడ్లకి ఇలా ఎందుకు చేయలేదు?"

ఆయన ఇంకో ఉలి మంటలో పెట్టి, "రాళ్ళోళ్ళు ఉలి ఇచ్చి నమ్మి పోతారు. రైతులు ఎదురుగా నిలబడతారు. పూర్తిగా చల్లబడిందాకా నీళ్ళల్లోనే ఉంచు, కక్కుర్తి పడబాక అంటారు. అదీగాక మీ ఇనుమేందో నాకు తెల్దు. లారీ స్ప్రింగు కట్టల ఇనుమైతే చూడంగానే చెప్తా. తెలీని ఇనుమును కాల్చకూడదు. అయినా కాల్చా" అన్నారు.

ఇక బ్లేడ్లని కొలిమికి తేవద్దని మేము డబ్బా మీద అచ్చేయిస్తే ఆయనకి సీజనులో ఓ వంతు పని పోతుంది. బ్లేడుకి ఇరవై తీసుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "అచ్చేసుకోండమ్మా, ఇరిగితే తిట్లు నాక్కూడా పడతన్నయ్" అన్నారు గాని, ఆ మాట సంతోషంగా అనలేదు. నాకూ సంతోషం కలగలేదు.

మళ్ళీ గురజాల: ఆకురాయి

మూడో రోజు పొద్దున మిషను షెడ్డులోకి వచ్చింది. నాగేంద్రమ్మ గారి డ్రైవరు కోటయ్య బోల్టులు విప్పుతుంటే నేను ఒక్కో బ్లేడూ తుడిచి రెండు వరసలుగా పేర్చాను. రంగు మాడినవి ఒక వైపు, మాడనివి ఒక వైపు. మాడనివి పద్దెనిమిది. అంచులు సమంగా అరిగాయి, ఒక్కటీ వంగలేదు. నాగేంద్రమ్మ గారిని పిలిచి చూపించాను. మాడినవాటి మీద ఇనుము అరగదీసే ఆకురాయి పెట్టి రాస్తే గాజు మీద పెట్టినట్టు జారింది. మాడనివాటి మీద కొద్దికొద్దిగా కొరికింది. కొంచెం కొరకాలి, అలా ఉంటేనే విరగదని ఆమెకి చెప్పాను. ఆమె ఆకురాయి తీసుకుని తనే నాలుగింటి మీద రాసి చూసింది.

"అయితే తప్పు మా నీళ్ళదే" అని, ఎవరో పిలిస్తే వాకిట్లోకి వెళ్ళింది.

మాడనివాటిని ఒక్కొక్కటే పరీక్షగా చూస్తూ నేను పద్నాలుగో బ్లేడు మీద ఉన్నాను. బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీరాను. పగులు. రంగు శుభ్రంగా ఉంది, కొలిమి మొహం చూసిన బ్లేడు కాదు. ఆకురాయి పెట్టాను. జారింది.

దాని మీద కొట్టిన తయారీ గుర్తు చూస్తే, రెండో గంట తీసేశాక చేసిన సరుకు. అప్పుడు తట్టింది. వేడి కొలిచే తీగల్ని నేను, బ్లేడ్లు నింపి ఫర్నేసులోకి పంపే బుట్ట అంచుల్లో పెట్టాను, అక్కడైతే పెట్టడం తేలిక గనక. బ్లేడ్లు కిక్కిరిసిన బుట్ట మధ్యలో పెట్టలేదు. అంచులకి గంట చాలింది. మధ్యలోవాటికి చాలలేదు.

కోటయ్య అవతలివైపు నట్లు ఏరుకుంటున్నాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆ బ్లేడుని నా గోనె మూటలోకి జారిస్తే పదిహేడు మంచి బ్లేడ్లు, ఇరవై నాలుగు కాల్చిన బ్లేడ్లు, ఒక చక్కటి రిపోర్టు. మిగతా మూడు ఫర్నేసులకీ అనుమతి వస్తుంది. బుట్ట మధ్య సంగతి తర్వాత చడీచప్పుడు లేకుండా సరిదిద్దుకోవచ్చు. ఇవన్నీ ఆలోచించాను, అబద్ధం ఎందుకు. బ్లేడు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూచున్నాను.

నాగేంద్రమ్మ గారు వచ్చాక ఆమె చేతిలో పెట్టాను. "ఇది మీ నీళ్ళ వల్ల కాదు. ఇది నా తప్పు" అన్నాను. ఎలా జరిగిందో చెప్పాను. గ్యాసు తగ్గించాలని చేశానని, కొలవాల్సిన చోట కొలవలేదని చెప్పాను.

ఆమె పగులు మీద వేలు పెట్టి చూసింది. "ఎన్ని ఉండుంటయ్ ఇట్టాంటియ్?"

"తెలీదు. మీ పద్దెనిమిదిలో ఒకటి."

కోటయ్య పని ఆపి మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఆమె బ్లేడు వరసలో పెట్టేసి, "అన్నం తిందువురా" అంది.

ఇంటికొచ్చాక

గురజాల బస్టాండు నుంచే మేనేజరుకి ఫోను చేసి రెండో గంట ఆ రోజే మళ్ళీ పెట్టించాను. మార్కెట్లో ఉన్న ఆ సరుకంతా వెనక్కి పిలిపించాలని కూడా చెప్పాను. ఆయన ఆ పని మొదలుపెట్టించాడు. తర్వాత మూడు వారాలు బుట్ట నడిమధ్యన తీగలు పెట్టి కొలిచాను. బ్లేడ్లను కుక్కకుండా మధ్యలో వేడి ఆడేలా పేరిస్తే గంటా పావు చాలుతోంది. నూనెలోంచి తీసిన బ్లేడ్లను పూర్తిగా చల్లారబెట్టకుండా, గోరువెచ్చగా ఉండగానే రెండో ఫర్నేసులోకి పంపుతున్నాం. నేను ఆశపడ్డంత గ్యాసు మిగల్లేదు, కొంత మిగిలింది. మిగతా మూడు ఫర్నేసుల అనుమతి ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాను.

మొన్న శేషయ్య గారు ఫోను చేశారు. నాగేంద్రమ్మ గారు కొత్త సెట్టు కొన్నదట, మాదే. నలభై రెండూ నేరుగా బిగించిందట, ఒక్కటీ కొలిమికి పంపలేదట. చుట్టుపక్కల రైతులు వచ్చి చూసిపోతున్నారట.

నమ్మలేక ఆమెకే ఫోను చేశాను. "వాళ్ళంతా నీళ్ళు పట్టించలేదేంటని అడగలేదా?" అన్నాను.

"అడక్కుండా ఉంటారా? ఆచారి కాడికి పోకుండా ఏం ధైర్యం నీకు అన్నారు."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్తా? ఆ ఫ్యాక్టరీ అమ్మాయి పగిలిందాన్ని దాచిపెట్టుకోకుండా నా చేతిలో పెట్టి పోయిందిరా, అందుకని ఈ కొత్తయి నేరుగా బిగిచ్చుకున్నా అని చెప్పా."